గాలికి పురి

క్రైస్ట్‌చర్చ్,
14 మే 1972, ఆదివారం

నెట్టా అత్తా,

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో నీకు చెప్పక్కర్లేదు. నీ ఇంటికి రెండు పొడుగు గంటలు, ఒక పొట్టి గంట మోగగానే నీతో అదే ఫోను లైను పంచుకునే పక్కింటి మిసెస్ డన్నెట్ కూడా ఎత్తి వింటుంది. పోయినసారి జలుబు చేసిందని నీతో అన్నానో లేదో, మూడో రోజుకల్లా నాకు న్యుమోనియా అని టిమరూలో నాన్నకి కబురు అందింది. కాబట్టి ఉత్తరమే.

నాకొక సాయం కావాలి. అది నువ్వు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు.

యూనివర్సిటీ ల్యాబులో నా బాకా తయారైంది. బాకా అంటే ఊదేది కాదు. ఒక పక్క సన్నగా మొదలై పోనుపోనూ వెడల్పయ్యే గొట్టం. నా ఎత్తుకన్నా పొడుగుంటుంది, లోపల కనిపించేలా గాజులాంటి ప్లాస్టిక్కుతో చేశారు. మావాళ్లు డిఫ్యూజర్ అంటారు. ఆనకట్ట దగ్గర కరెంటు తీసే చక్రాన్ని తిప్పి కిందికొచ్చే నీళ్లు ఇంకా జోరుమీదే ఉంటాయి. ఆ జోరు ఊరికే ఏట్లో కలిసిపోకుండా, చక్రం కింద ఇలాంటి బాకా పెడితే నీళ్లు నెమ్మదిస్తాయి, పోవాల్సిన బలంలో కొంత చక్రానికే దక్కుతుంది. బాకా ఎంత తొందరగా వెడల్పయితే అంత పొట్టిగా కట్టుకోవచ్చు, అంత తక్కువ రాయి తవ్వుకోవచ్చు. కానీ మరీ తొందరగా వెడల్పు చేస్తే ప్రవాహం గోడల్ని వదిలేసి మధ్యలోంచి దూసుకుపోతుంది. గోడల దగ్గర వెనక్కి కూడా తిరుగుతుంది. అప్పుడు బాకా ఉన్నా లేనట్టే. ఈ గొడవంతా నేను నీళ్లకి బదులు గాలి ఊది చూస్తున్నాను.

గాలి కంటికి కనపడదు కదా, అందుకని లోపలి గోడ నిండా రెండంగుళాల దారం ముక్కలు ఒక కొస అంటించి వదిలేస్తాం. దారం కొస ఎటు చూస్తే గాలి అటు పోతున్నట్టు. కొట్లో దొరికే ఉన్ని దారం మోకులా ఉంది, కదలనంటోంది. నీ చేత్తో వడికిన దారం కావాలి, తలవెంట్రుకంత సన్నం, ఆరువందల ముక్కలకి సరిపడా. శుక్రవారం లోపల అందాలి. ఉడకబెట్టడం, ఆరబెట్టడం లాంటివి పెట్టుకోకు. వడికింది వడికినట్టు పంపెయ్.

ఈ తొందరేమిటంటావా? ఆగస్టు నెలాఖరు దాకానే ఈ గది నాది. ఆ లోపల బాకాలో కొత్త సంగతి ఏదైనా చూపించానా సరే, లేకపోతే గది కాంక్రీటు దూలాలు విరగ్గొట్టి పరీక్షించేవాళ్లకి పోతుంది. నేను టిమరూ వెళ్లి నాన్న కలప అడితిలో గుమ్మాల కొలతలు గీస్తూ కూర్చోవాలి. మా ప్రొఫెసర్ ప్రెబుల్ మంచాయనే. కాకపోతే నోట్లో పైపు తీసి మాట్లాడేది ఏడాదికి రెండుసార్లు.

నీ మేనకోడలు,
మోరాగ్


కూరో,
18 మే

మోరాగ్ తల్లీ,

నీ దారం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. పక్కనే షార్ట్‌బ్రెడ్ బిస్కట్ల రేకు డబ్బా ఉంటుంది. దారం తినేది కాదు, షార్ట్‌బ్రెడ్ అంటించేది కాదు. ల్యాబులో నువ్వు ఎలా ఉంటావో నాకు తెలుసు కనుక చెబుతున్నాను.

ఉన్ని గ్రేస్‌ది. నా మందలో అంత సన్న ఉన్ని ఇంకో గొర్రెకి లేదు, ఆ సంగతి దానికీ తెలుసు, అందుకే అంత పొగరు. నవంబరులో జరిగే ఉన్ని పోటీ ప్రదర్శనకని దాచుకున్న ఉన్ని అది. వెంట్రుకంత సన్నం అన్నావు కాబట్టి రాట్నం మీద గట్టిగా పురి ఎక్కించాల్సి వచ్చింది, లేకపోతే తెగుతుంది. రెండు రోజులు వంట మానేసి వడికాను. నా చేతిలోంచి పని సగంలో బయటికి వెళ్లడం ముప్ఫై ఏళ్లలో ఇదే మొదలు. ఉడకబెట్టడం, ఆరబెట్టడం నువ్వు వద్దన్నావు కాబట్టి ఇలా పంపుతున్నాను, నాకు ఇష్టమై కాదు.

నీ బాకా సంగతి రెండుసార్లు చదివాను. పని చేసి అలిసిపోయి ఇంటికెళ్లే నీళ్లని గుమ్మంలో ఆపి మిగతా బలం కూడా పిండుకుంటారన్నమాట. మీ అలెక్ మావయ్య ఉంటే సంతోషించేవాడు. పదకొండేళ్లు మా ఊరి ఆనకట్ట మీద పనిచేసి, ఒక్క చుక్క ఊరికే పోయినా సొంత ఆస్తి పోయినట్టు బాధపడేవాడు.

మీ నాన్న మాట పట్టించుకోకు. నా తమ్ముడికి కలప తప్ప ఏదీ కనపడదు. చిన్నప్పుడు కూడా అంతే, పియానో చూపిస్తే ఏ చెట్టుదని అడిగాడు.

మేనత్త,
నెట్టా


క్రైస్ట్‌చర్చ్,
3 జూన్

అత్తా, నా బంగారు అత్తా,

ముందు కూర్చో. కూర్చున్నావా?

నీ దారం అంటించడానికి నాకూ వర్క్‌షాపు కాలిన్‌కీ వారం పట్టింది. ఇద్దరం చెరో పక్కనుంచి బాకాలో తల దూర్చి, జిగురు వాసనకి తూలుతూ, ఆరువందల పన్నెండు ముక్కలు అంటించాం. మంగళవారం ఫ్యాను వేశాం. అత్తా, గోధుమ చేను మీద గాలి పోయినట్టు దారాలన్నీ ఒక్కసారి లేచాయి. కాలిన్ లాంటి మొద్దు మనిషి టోపీ తీశాడు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. దారాలు గాలి పోయేవైపు తిన్నగా ఉండాలి కదా. ఉండటం లేదు. అన్నీ కుడివైపుకి ఒరుగుతున్నాయి. ఒకటీ అరా కాదు, మొత్తం ఆరువందలూ. ఫ్యాను నెమ్మదిగా తిప్పినా అంతే, జోరుగా తిప్పినా అంతే. అంటే బాకాలో గాలి తిన్నగా పోవడం లేదు, సుడి తిరుగుతూ పోతోంది. ఫ్యాను తర్వాత గాలిని సరిచేసే జల్లెడ ఉంది, సుడి రావడానికి వీల్లేదు. అయినా వస్తోంది. బాకా ఆకారమే సుడి పుట్టిస్తోందన్నమాట. ఇది ఇంతవరకు ఎవరూ రాయలేదు.

ప్రెబుల్ గారు వచ్చి అరగంట నిలబడి చూశారు. రెండుసార్లు 'ఊఁ' అన్నారు. ఒకసారి అంటే బాగుందని, రెండుసార్లన్నది ఎవరూ వినలేదని కాలిన్ చెప్పాడు. ఆగస్టు 18న వెల్లింగ్టన్‌లో ఇంజనీర్ల సభలో నన్ను దీని గురించి వ్యాసం చదవమన్నారు. అక్కడ నిలబడగలిగితే గది నాదే, పని నాదే, అడితి లేదు.

వ్యాసం చివర కృతజ్ఞతల్లో నీ పేరు వేస్తాను. షార్ట్‌బ్రెడ్ అయిపోయింది, డబ్బాలో మేకులు పోసుకున్నాం.

నీ
మోరాగ్


కూరో,
9 జూన్

మోరాగ్ తల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీ సంతోషం చూసి నాకెంత సంతోషమైందో చెప్పలేను. అది ముందు నమ్ము.

ఇక్కడ మంచు మొదలైంది. గ్రేస్ కంచె దాటి మిసెస్ డన్నెట్ క్యాబేజీలు తినేసింది. ఆవిడ ఫోను చేసి చెప్పేలోపల ఊరంతటికీ తెలిసింది, ఆఖరున తెలిసింది నాకే.

నీకొక చిన్న పని చెబుతాను, ఎందుకని అడక్కు. నా దారంలో మిగిలింది కొంచెం తీసుకుని, ఉడుకుతున్న కెటిల్ ఆవిరి మీద కాసేపు పట్టి, కింద ఏదైనా బరువు కట్టి వేలాడదీసి, బాగా ఆరాక ఓ పదీ ఇరవై ముక్కలు బాకాలో అంటించు. అవి కూడా కుడికే ఒరుగుతాయేమో చూసి రాయి. నీకు తీరికున్నప్పుడే. కానీ వెల్లింగ్టన్ కంటే ముందు.

కృతజ్ఞతల్లో నా పేరు మాత్రం వెయ్యకు. ఇప్పటికి వద్దు.

మేనత్త,
నెట్టా


క్రైస్ట్‌చర్చ్,
20 జూన్

అత్తా,

కెటిల్ ఆవిరి ఎందుకో నాకు అర్థమైంది. పని సగంలోనే చేతిలోంచి పోయిందని అప్పుడే గొణిగావు. అత్తా, ఇది ప్రదర్శన కాదు, బాకా లోపల తల దూర్చి దారం నాణ్యానికి మార్కులు వేసే జడ్జీలు ఇక్కడ లేరు. నీ దారం బ్రహ్మాండంగా ఉంది. దాన్ని ఇప్పుడు కదిలించే ధైర్యం నాకు లేదు, తీరిక అంతకన్నా లేదు. వ్యాసం సగం రాశాను.

నాకు అర్థం కానిది రెండోది. నీ పేరు ఎందుకు వద్దు? ఆదివారం నువ్వే ఫోను చేశావు. అయిదు నిమిషాలు క్యాబేజీల గురించి మాట్లాడి, 'సరే ఉంటాను, ఉత్తరం రాస్తాను' అని పెట్టేశావు. నీ గొంతు ఎలాగో ఉంది. ఆడపిల్లకి ఈ యంత్రాల పిచ్చి ఏమిటని నాన్న అంటే నేను పట్టించుకోను, అలవాటైపోయింది. నువ్వు కూడా లోపల అలాగే అనుకుంటూ నా సరదా కోసం ఊరుకుంటున్నావా? ఈ గొట్టాల వ్యాసంలో పేరుంటే ఊళ్లో నవ్వుతారనా? అదే అయితే సూటిగా చెప్పు. నీ దగ్గర్నుంచి డొంకతిరుగుడు నాకు కొత్త.

మోరాగ్


కూరో,
24 జూన్, శనివారం

ఓసి వెర్రిదానా,

నీ పేరు పక్కన నా పేరంటే నాకు సిగ్గా? నీకు నాలుగేళ్లప్పుడు నా రాట్నం విప్పి, తిరిగి బిగించి, ఒక మరమేకు మిగిలిస్తే, ఆ మరమేకు ఇప్పటికీ కిటికీలో పెట్టుకున్నదాన్ని నేను.

ఆదివారం అసలు సంగతి చెబుదామనే ఫోను చేశాను. లైనులో మిసెస్ డన్నెట్ ఊపిరి వినపడుతోంది. ఆవిడ చెవిన పడితే రాత్రికల్లా నువ్వు వెల్లింగ్టన్‌లో పరువు పోగొట్టుకున్నావని టిమరూలో అనుకుంటారు. అందుకని క్యాబేజీలు మాట్లాడాను. డొంకతిరుగుడు తప్పే. ఇప్పుడు సూటిగా చెబుతాను, గుండె గట్టిచేసుకుని చదువు.

వడికిన దారంలో పురి ఉంటుంది. ఒంటిపోగుని అంత సన్నంగా, అంత గట్టిగా వడికితే, ఆ పురి విప్పుకోవాలని దారం పెనుగులాడుతూనే ఉంటుంది. చేతిలోంచి వదిలితే చాలు, దానంతటదే మెలి తిరుగుతుంది. అందుకే మేం దాన్ని వేడినీళ్లలో నానబెట్టి, కింద బరువు కట్టి ఆరేస్తాం. అప్పుడు పురి స్థిరపడి దారం నిమ్మళిస్తుంది. ఆ పనే నువ్వు వద్దన్నావు. వద్దన్నా నేను చెప్పాల్సింది, తొందరలో ఊరుకున్నాను. ముప్ఫై ఏళ్లుగా వడుకుతున్నదాన్ని, తప్పు నీకన్నా నాదే ఎక్కువ.

ఒక కొస జిగురులో ఇరుక్కుంది. రెండో కొస గాలికి వదిలేశావు. అది పురి విప్పుకోబోతూ ఒకే పక్కకి ఒరుగుతుంది. నేను రాట్నం ఎప్పుడూ ఒకే వైపు తిప్పుతాను, అందుకే ఆరువందలూ ఒకే పక్కకి పోతున్నాయి. గాలి తిరగలేదే పిల్లా. తిరిగింది నా దారం.

నా మాట నమ్మక్కర్లేదు. రెండు పొట్లాలు పంపుతున్నాను. నీలం కాగితంలో ఉన్నది నానబెట్టి, బరువు కట్టి, రెండు రోజులు ఆరబెట్టిన దారం. అది తిన్నగా ఉండాలి. గోధుమరంగు కాగితంలోది పచ్చి దారమే, కానీ రాట్నం ఎదురు తిప్పి వడికింది. ఎడమచేత్తో ఉత్తరం రాసినట్టుంది, సగం సేపు తిట్టుకుంటూనే ఉన్నాను. అది ఎడమకి ఒరిగితే నేను చెప్పింది నిజం. కుడికే ఒరిగితే ప్రదర్శనలో నా రాట్నం బహిరంగంగా తగలబెడతాను.

ఈ ఉత్తరం రాయడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. నిన్ను అంత సంతోషంగా చూసి ఎన్నాళ్లయింది?

నీ మేనత్త,
నెట్టా


కూరో,
12 జులై

మోరాగ్,

పద్దెనిమిది రోజులు. తిట్టు, అలుగు, ఏదో ఒకటి రాయి. పోస్టు కోసం గేటు దగ్గర నిలబడుతుంటే గ్రేస్ కూడా వచ్చి నిలబడుతోంది.

నెట్టా


క్రైస్ట్‌చర్చ్,
21 జులై

అత్తా,

పొట్లాలు పదిరోజులు సొరుగులో పడేశాను. తెరవకపోతే నిజం కాకుండా పోతుందన్నట్టు. నీ మీద చాలా కోపం వచ్చింది. ఇంకా కొంచెం ఉంది, రేపటికి పోతుంది.

పదకొండో రోజున సగం గోడ దారాలు పీకేసి నీ ఎదురు దారం అంటించాం. ఫ్యాను వేశాను. బాకా నడిమధ్యన పాపిడి తీసినట్టు దారాలు విడిపోయాయి. పాతవన్నీ కుడికి, కొత్తవన్నీ ఎడమకి. కాలిన్ నవ్వీ నవ్వీ నేల మీద కూర్చుండిపోయాడు. నాకు ముందు ఏడుపొచ్చింది, వాడి మొహం చూసి నాకూ నవ్వొచ్చింది. అత్తా, ఆరువందల దారాల మీద నేను ఇరవై రెండు పేజీలు రాశాను. సుడికి లెక్కలు కూడా కట్టాను. లెక్కలు కుదిరాయి కూడా.

తర్వాత ప్రెబుల్ గారి గదికి వెళ్లి అంతా చెప్పాను. నీ ఉత్తరం చదివి వినిపించాను, ముఖ్యంగా రాట్నం తగలబెట్టే చోటు. ఆయన పైపు తీసి బల్లమీద పెట్టారు. అది ఈ ఏడాదికి మొదటిసారి. "మీ అత్త మంచి ప్రయోగం రాసి పంపింది. ఆవిడకి ఆ సంగతి తెలుసా?" అన్నారు. సభలో నా పేరు తీసెయ్యమని అడిగాను. తియ్యనన్నారు. ఇంకా నాలుగు వారాలుంది కదా, బాకాలో నిజంగా ఏం జరుగుతోందో చూడమన్నారు.

నీలం పొట్లం దారంతో చూశాను. దారాలు తిన్నగా, ముచ్చటగా నిలబడ్డాయి. ఏం చూపించాయంటే పుస్తకాల్లో ఉన్నదే. ఇంత వెడల్పు బాకాలో గాలి సగం దూరం గోడని పట్టుకుని వస్తుంది, అక్కడ వదిలేస్తుంది, దారాలు వెనక్కి తిరుగుతాయి. కొత్తది ఏమీ లేదు. సుడి ఒక్కటే కొత్త, ఆ సుడి లేదు. వెల్లింగ్టన్‌లో నిలబడి ఏం చదవను? నాన్న అడితిలో నాకోసం బల్ల కూడా సిద్ధం చేశాడట.

రాట్నం తగలబెట్టక్కర్లేదు.

మోరాగ్


కూరో,
26 జులై

నా తల్లీ,

నువ్వు నవ్వావని చదివాక నాకు ఆకలేసింది. నెల తర్వాత తిన్నగా అన్నం తిన్నాను. వేటమాంసం వేపుడు, బంగాళాదుంపలు, రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఇప్పుడు నాకు తెలియని విషయంలో వేలు పెడతాను. నవ్వుకో.

దువ్వి పెట్టుకున్న ఏకు ఉంటుంది చూడు, వడకనిది, దాన్ని చేతిలోకి తీసుకుని లాగు. చేతిలోనే ఊడిపోతుంది. కాస్త పురి పెట్టి లాగు. ఎంత లాగినా కలిసే ఉంటుంది. మరీ ఎక్కువ పెట్టావంటే మెలికలు పడి పాడవుతుంది. నా పనంతా ఆ 'కాస్త' ఎంతో తెలుసుకోవడమే. నీ గాలి నాకు ఏకులాగే కనిపిస్తోంది. వెడల్పు రాగానే పట్టు వదిలి చెదిరిపోతోంది. గాలిలో సుడి లేదని ఏడుస్తున్నావు. లేకపోతే పెట్టవే. బాకాలోకి పోయేముందే కాస్త పురి పెట్టి పంపు. ఎలా పెడతావో నాకు తెలియదు. నాలుగేళ్లప్పుడు రాట్నం విప్పినదానివి, నువ్వే చూసుకో.

ఇంకో డబ్బా షార్ట్‌బ్రెడ్ పంపుతున్నాను. ఖాళీ డబ్బా తిరిగి పంపు, అది అలెక్‌కి ఇష్టమైన డబ్బా.

నెట్టా


క్రైస్ట్‌చర్చ్,
12 ఆగస్టు

అత్తా,

డబ్బా తిరిగి రాదు. క్షమించు. కారణం చదివాక మావయ్య కూడా క్షమిస్తాడు.

నీ ఉత్తరం వచ్చిన పొద్దున్నే ప్రెబుల్ గారికి చూపించాను. పాత పుస్తకాల్లో ఒకరిద్దరు ఇలాంటి మాట అని వదిలేశారట. ఎంత వెడల్పుకి ఎంత సుడి అని ఆయనకి తెలిసి ఎవరూ కొలవలేదట. రేకు కావాలంటే స్టోరులో వారం పడుతుందన్నారు. కాలిన్ నీ డబ్బా వైపు చూశాడు. నేను ఆపేలోపల కత్తెర తీశాడు. దాంతో ఎనిమిది రెక్కలు చేసి, బాకా సన్నటి మూతి దగ్గర చుట్టూ బిగించాం. గాలి వాటిని రాసుకుంటూ పోతే కొంచెం తిరుగుతుంది. రెక్కల వంపు మార్చుకోవచ్చు. ఒక రెక్క మీద ఇప్పటికీ డబ్బా మూతమీది కుక్కపిల్ల తోక కనిపిస్తుంది.

రెక్కలు తిన్నగా ఉంచితే మామూలే, సగం దూరంలో గాలి గోడ వదిలేసింది. కాస్త వంచాం. దారాలు ఇంకో చెయ్యి దూరం దాకా లేచాయి. ఇంకాస్త వంచాం. అత్తా, చివరి వరస దాకా, ఒక్క దారం కూడా వెనక్కి తిరగలేదు. గాలి ఆ కొసనుంచి ఈ కొసదాకా గోడ పట్టుకునే వచ్చింది. ఇంకా వంచితే నువ్వన్నట్టే పాడైంది. గోడ దగ్గర బాగానే ఉంది కానీ నడిమధ్య గాలి వెనక్కి తన్నింది. ఆ 'కాస్త' ఎంతో ఇప్పుడు నా దగ్గర అంకెల్లో ఉంది.

నువ్వు చెప్పిన కారణం తప్పు. గాలి పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవు. బకెట్టులో నీళ్లు గిరగిరా తిప్పితే అంచుకి ఎక్కుతాయే, అలా సుడి గాలిని గోడవైపు నెడుతుంది. కారణం తప్పు, సలహా ఒప్పు. ప్రెబుల్ గారు మూడుసార్లు 'ఊఁ' అన్నారు.

పదహారున లిటిల్టన్ రేవులో ఓడ ఎక్కుతున్నాను. భయంగా ఉంది. నీలం కోటు వేసుకోనా, బూడిదరంగుదా?

నీ
మోరాగ్


క్రైస్ట్‌చర్చ్,
21 ఆగస్టు

అత్తా,

బూడిదరంగుది వేసుకున్నాను. నీ జవాబు అందేలోపల ఓడ కదిలింది.

సభలో డెబ్భైమంది మగవాళ్లు, నేను. ఇరవై నిమిషాలు చదివాను. ఆఖరున వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. కరెంటు శాఖలో నలభై ఏళ్లు పనిచేసినాయన. "అమ్మాయ్, మా ఆవిడ రాట్నం వడుకుతుంది. పచ్చి దారం దానంతటదే తిరుగుతుంది. ఈ సుడి గాలిదని ఎలా చెప్పగలవు, దారానిది కాదని ఏమిటి నమ్మకం?" అన్నాడు.

డెబ్భై తలలూ నావైపు తిరిగాయి. నాకు మాత్రం లోపల్నుంచి నవ్వు పొంగుకొచ్చింది. ఈ ప్రశ్న మే నెలలో నన్నెవరైనా అడిగుంటే అక్కడే కూలిపోయేదాన్ని. ఆఖరి ఫొటో తీసి చూపించాను. అందులో ఒక వరస నీ కుడి పురి దారం, ఒక వరస నీ ఎదురు పురి దారం, అన్నీ నువ్వు చెప్పినట్టు నానబెట్టి ఆరబెట్టినవి. రెండు వరసలూ కలిసి రెక్కలు తిప్పినవైపే ఒరిగాయి. తర్వాత మే నెల సంగతి మొత్తం చెప్పేశాను, ఇరవై రెండు పేజీలతో సహా. డెబ్భైమందీ పగలబడి నవ్వారు. ముసలాయన అందరికన్నా ఎక్కువ నవ్వాడు. ప్రెబుల్ గారు పైపు తీసి, "ఈమె మా ల్యాబు మనిషి" అన్నారు. అంతే అన్నారు. ఈ ఏడాదికి రెండూ అయిపోయాయి.

గది నాదే అత్తా. ఇంకో రెండేళ్లు. కాంక్రీటు దూలాలవాళ్లు మెట్ల కిందికి పోతున్నారు. ఆ ముసలాయన ఊరుకోలేదు. నీళ్లతో చిన్న నమూనా కట్టి చూడమన్నాడు. ఎక్కడో తెలుసా, మావయ్య పనిచేసిన ఆనకట్ట పక్క షెడ్డులో. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉండాలి. నాకు మంచమూ, తిండీ కావాలి. రాట్నం జోలికి రానని మాటిస్తున్నాను.

నాన్నకి ఫోను చేశాను. అంతా విని, పొడవెంత, వెడల్పెంత అని అడిగాడు. తర్వాత నమూనాకి చెక్క చట్రం కావాలా, ఏ కలప అయితే నీళ్లకి ఉబ్బదో తనకి తెలుసు అన్నాడు.

వ్యాసం అచ్చుకి వెళ్తోంది. జూన్‌లో నీ పేరు వద్దన్నావు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఇప్పుడేమంటావు?

నీ
మోరాగ్


కూరో,
25 ఆగస్టు

నా బంగారమా,

నీ ఉత్తరం గేటు దగ్గరే నిలబడి చదివాను. ఏడ్చాను. నువ్వు గెలిచినందుకు కాదు, ఆ ముసలాయన ప్రశ్నకి నువ్వు నవ్వినందుకు. నా వల్ల నీకు ఆ సభలో తలవంపులవుతుందని రెండు నెలలు కుమిలిపోయాను. ఇప్పుడు చెబుతున్నాను, అప్పుడు చెప్పలేదు.

తూర్పు గదిలో మంచం వేశాను. నవంబరు దాకా ఎవరు దాని మీద బట్టలు పెట్టినా ఊరుకోను. సాయంత్రం ఆనకట్ట దాకా నడిచి వెళ్లి, మన పిల్ల వస్తోందని అలెక్‌తో చెప్పి వచ్చాను. నీళ్లు చక్రం కిందనుంచి వచ్చి ఏట్లో పడుతుంటే చాలాసేపు చూశాను. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నవే, అవి జోరుమీదే పోతున్నాయని ఇవాళే గమనించాను. డబ్బా పోయినందుకు బాధ లేదు. ఆయన డబ్బా ముక్క ఆయన ఆనకట్ట దగ్గరికే వస్తోంది, ఇంకేం కావాలి. ఆ కుక్కపిల్ల తోక రెక్క మాత్రం పారెయ్యకుండా పట్టుకురా.

నమూనాకి దారం ఎంత కావాలో ఇప్పుడే రాయి. గ్రేస్ ఉన్ని వచ్చేవారం కత్తిరిస్తున్నారు. ఈసారి నేను నానబెట్టి, ఆరబెట్టి, ఇక ఇస్తాను అనేదాకా నువ్వు ఆగుతావు.

పేరు వెయ్యి. పూర్తి పేరు వెయ్యి, నెట్టా మార్గరెట్ గిల్‌క్రిస్ట్, కూరో. మే నెలలో దారం నానబెట్టి ఆరబెట్టకుండా పంపిన తప్పు కూడా రాయి, దాచొద్దు. అచ్చు కాగానే ఒక కాపీ పంపు. అది అందిన రోజున నీకు ఫోను చేసి మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివి వినిపిస్తాను. నువ్వు రాసిందే నీకు చదవడమేమిటని అడక్కు. నువ్వు ఊరికే ఫోను చెవి దగ్గర పెట్టుకుని కూర్చో. మిసెస్ డన్నెట్ వింటుంది.

నీ మేనత్త,
నెట్టా